కేటాయించిన గంటకు పూచీ ఎవరిది?

సంపాదక మహాశయులకు నమస్కారాలు.

2025 జులైలో తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వం దుకాణాలు మినహా మిగిలిన వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల వరకు పని చేయించుకోవచ్చని, వారం మొత్తానికి మాత్రం 48 గంటలు దాటకూడదని, ఆరు గంటలకు మించి పని చేసేవారికి కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని ఉత్తర్వు ఇచ్చినప్పటి నుంచి పనివేళల మీద పత్రికల్లో చాలా చర్చ జరిగింది. ఆ చర్చ దాదాపుగా గంటల సంఖ్య చుట్టూనే తిరిగింది. ఎనిమిది గంటలా, పది గంటలా అన్నది చిన్న ప్రశ్న కాదు, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశమూ కాదు. అయితే ఆ గంటల లోపల ఏ పావుగంట దేనికోసం అన్నది ఎవరు నిర్ణయిస్తున్నారు, ఒకసారి నిర్ణయించి ఉద్యోగికి చూపించిన దాన్ని ఎవరు, ఏ అధికారంతో చెరిపేస్తున్నారు అన్న విషయం ఎక్కడా చర్చకు రాలేదు. అది నేను రోజూ కూర్చునే బల్ల దగ్గర తేలే విషయం కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను పదకొండేళ్లుగా హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతాల్లోని కాల్ సెంటర్లలో రోస్టర్ వేసే విభాగంలో పని చేస్తున్నాను. ఎవరు ఏ రోజు రావాలి, ఎన్నింటికి లాగిన్ కావాలి, ఎప్పుడు బ్రేక్‌కు లేవాలి, ఎవరి వీక్లీ ఆఫ్ ఏ రోజు అన్నవన్నీ ఒక సాఫ్ట్‌వేర్‌లో రెండు మూడు వారాల ముందే వేసి పెడతాం. తెర మీద ఒక్కో ఉద్యోగికి ఒక్కో వరుస, ఒక్కో పావుగంటకు ఒక్కో గడి. తొమ్మిది గంటల షిఫ్టు అంటే 36 గళ్లు. మా దగ్గర కాల్స్ తీసుకునే గళ్లు పచ్చగా, భోజనం, టీ గళ్లు పసుపుపచ్చగా ఉంటాయి. వీటి మధ్య అక్కడక్కడా నీలం గళ్లు కనిపిస్తాయి. శిక్షణ, టీమ్ లీడర్ పక్కన కూర్చుని తన కాల్స్ తానే విని తప్పొప్పులు తెలుసుకోవడం, మారిన నిబంధనలు చదువుకోవడం, టీమ్ మీటింగ్, ఇలా ఫోను పక్కన పెట్టి చేయవలసిన పనులకు ఉద్యోగి సమయాన్ని ముందే కేటాయించి ఉంచడాన్ని ఫ్లోర్ మీద, అంటే కాల్స్ తీసుకునే హాల్లో, అందరూ ‘బ్లాక్ చేయడం’ అంటారు. ఈ ఉత్తరమంతా ఆ నీలం గళ్ల గురించే.

కిందటి చలికాలంలో ఒక మంగళవారం రాత్రి జరిగింది చెబుతాను. పదకొండు కావస్తోంది. క్లయింటు, అంటే మాకు కాల్స్ పని అప్పగించిన కంపెనీ, వైపు బిల్లుల్లో ఏదో పొరపాటు జరిగి కాల్స్ ఒక్కసారిగా పెరిగాయి. గోడ మీది బోర్డులో ఎదురుచూస్తున్న కాల్స్ అంకె ఎర్రబడింది. ఆ పూట నేను రియల్ టైమ్ డెస్క్‌లో ఉన్నాను. ముందే వేసి పెట్టిన రోస్టర్‌ను అప్పటికప్పుడు వచ్చే కాల్స్‌కు తగ్గట్టు సర్దే పని అది. ఫ్లోర్ మేనేజర్ వచ్చి “బ్లాక్స్ అన్నీ తీసేయండి, అందరినీ కాల్స్‌లో పెట్టండి” అన్నారు. పదకొండు నుంచి పన్నెండు వరకు ఉన్న నీలం గళ్లన్నిటినీ ఒకేసారి ఎంచి తొలగించాను. పద్నాలుగు వరుసలు ఒక్క నొక్కుతో పచ్చబడ్డాయి.

పావుగంట గడిచాక ఒక అమ్మాయి నా బల్ల దగ్గరకు వచ్చింది. ప్రసూతి సెలవు అయిపోయి తిరిగి చేరి రెండు నెలలైంది. హెడ్‌సెట్ ఇంకా మెడలోనే ఉంది. “అక్కా, నా పదకొండింటి బ్లాక్ కనిపించట్లేదు” అని మెల్లగా అంది. చున్నీని మడతలు వేసి గుండెల మీద రెండు చేతులతో అదిమి పట్టుకుని నిలబడింది. ఆమె బిడ్డకు తొమ్మిది నెలలు. షిఫ్టులో రెండుసార్లు పాలు తీసి ఫ్రిజ్‌లో పెట్టుకోవడానికి ఆమె టీమ్ లీడర్ అరగంట చొప్పున రెండు బ్లాకులు వేయించారు. వాటికి విడిగా పేరు లేదు, రంగు లేదు. మా సాఫ్ట్‌వేర్‌లో ఆ అరగంటలూ, మామూలు టీమ్ మీటింగూ ఒకే పేరు కింద ఉన్నాయి. ఎవరివేమిటో చూడకుండా తీసేసింది నేను. వెంటనే బ్లాక్ తిరిగి పెట్టాను గానీ, ఈలోగా ఆమెకు ఒక పొడుగు కాల్ తగిలి, గదికి వెళ్లేసరికి పన్నెండుంపావు దాటింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఆమె వెళ్లాక చాలాసేపు నేను ఆ వరుసనే చూస్తూ కూర్చున్నాను.

బిడ్డకు పదిహేను నెలలు నిండేవరకు తల్లికి మామూలు విశ్రాంతి వేళ కాకుండా రోజూ మరో రెండు విరామాలు ఇవ్వాలని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం చెప్పింది. దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఆ నిబంధన ఉంది. అంటే ఆ రాత్రి నేను తీసేసింది ఒక మేనేజరు దయతో ఇచ్చిన సౌకర్యాన్ని కాదు, చట్టం ఇచ్చిన సమయాన్ని. మరుసటి వారం ఆ విరామాలకు విడిగా ఒక కోడ్ తెరిపించి, రియల్ టైమ్ డెస్క్ నుంచి ఎవరూ దాన్ని తొలగించలేకుండా తాళం వేయించాను. ఆ పనికి పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ వీలు మా సాఫ్ట్‌వేర్‌లో మొదటి నుంచీ ఉంది. అంతకుముందు ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు. నగరంలో ఇంకా ఎన్ని ఫ్లోర్ల మీద ఆ తాళం పడకుండా ఉందో అన్న ఆలోచనే నన్ను ఈ ఉత్తరానికి కూర్చోబెట్టింది.

నీలం గళ్లే ఎందుకు పోతాయో చెప్పాలంటే లెక్క కొంచెం వివరించాలి. ఎన్ని కాల్స్‌కు ఎంతమంది కావాలన్న లెక్క కొత్తది కాదు. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే డెన్మార్క్ గణితవేత్త 1917లో ప్రచురించిన సూత్రాలే ఇప్పటికీ ఈ సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి పునాది. ఎన్ని కాల్స్ వస్తాయి, ఒక్కో కాల్ సగటున ఎంతసేపు సాగుతుంది, ఎన్ని సెకన్లలో ఎత్తాలి అన్న మూడు సంగతులు చెబితే ఆ అరగంటలో ఎన్ని సీట్లు నిండి ఉండాలో లెక్క తేలుతుంది. నూటికి ఎనభై కాల్స్‌ను ఇరవై సెకన్లలోపు ఎత్తాలన్నది ఈ రంగంలో తరచుగా వినిపించే కొలత. అయితే సూత్రం చెప్పేది సీట్లో కూర్చుని హెడ్‌సెట్ పెట్టుకుని ఉండవలసిన వారి సంఖ్య మాత్రమే. సెలవులో ఉన్నవారు, ఒంట్లో బాగోలేక రానివారు, బ్రేక్‌లో ఉన్నవారు, శిక్షణలో ఉన్నవారు అందులో లేరు. ఈ తరుగును మా వాళ్లు ‘ష్రింకేజ్’ అంటారు, దాన్ని మేమే విడిగా కలపాలి.

సరిగ్గా అక్కడే నేను ఎన్నో చోట్ల చూసిన పొరపాటు ఒకటి జరుగుతుంది. సీట్లో 100 మంది కావాలి, తరుగు 30 శాతం అనుకుందాం. చాలామంది వందకు ముప్పై కలిపి 130 మందికి షిఫ్టు వేస్తారు. కానీ తరుగు పోయేది ఆ 130 నుంచి. 130లో 30 శాతం అంటే 39 మంది పోతే సీట్లో మిగిలేది 91 మంది. నిజానికి 100ను 0.7తో భాగించాలి, అప్పుడు 143 మంది కావాలని వస్తుంది. తప్పు లెక్కతో రోస్టర్ బయటికి వచ్చిన క్షణం నుంచే తొమ్మిది సీట్లు ఖాళీ. ఆ ఖాళీ ఎవరికీ కాగితం మీద కనిపించదు, రాత్రి పదకొండు గంటలకు బోర్డు ఎర్రబడ్డప్పుడు కనిపిస్తుంది. అప్పుడు ఆ తొమ్మిది సీట్లకు మనుషులు ఎక్కడి నుంచి వస్తారు? సెలవు పెట్టినవారిని ఇంటి నుంచి తీసుకురాలేరు, జ్వరంతో పడుకున్నవారిని లేపలేరు, భోజనం మాన్పించలేరు. చేతికి అందేవి శిక్షణ, మీటింగ్ గళ్లు మాత్రమే. లెక్క వేసిన చోట జరిగిన తప్పును ఉద్యోగి నేర్చుకునే గంటతో పూడుస్తున్నామన్న మాట. ఉన్న తరుగును తక్కువ చేసి చూపించే అలవాటు దీనికి తోడవుతుంది. క్లయింటుకు ధర చెప్పేటప్పుడు శిక్షణకు వేసిన శాతాన్నే ముందుగా కోస్తారు. కోసిన తర్వాత కూడా శిక్షణ జరగాలనే అంటారు.

కేటాయింపు ఏ దశలో చేస్తామన్నది కూడా ముఖ్యం. రోస్టర్ మొత్తం వేశాక, షిఫ్టులన్నీ కుదిరాక, ఎక్కడైనా సందు దొరికితే శిక్షణ ఇరికించడం ఒక పద్ధతి. శిక్షణకు, మాతృత్వ విరామాలకు, మీటింగ్‌కు కావలసిన సమయాన్ని ముందే పట్టి ఉంచి, మిగిలిన గంటలతో కాల్స్‌కు సరిపోయే షిఫ్టులు వేయమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పడం రెండో పద్ధతి. నేను చూసిన చోట్ల ఎక్కువగా నడిచేది మొదటిదే. రెండో పద్ధతిలో సాఫ్ట్‌వేర్ తనంతట తానే మందకొడి వేళలు వెతుకుతుంది. సీట్లు బొటాబొటిగా ఉన్న అరగంటలో ఇద్దరిని లేపినా కస్టమర్లు ఎదురుచూసే సమయం ఎన్నో రెట్లు పెరుగుతుంది, మందకొడిగా ఉన్న అరగంటలో పదిమందిని లేపినా ఎవరికీ తెలియదు. ఏ అరగంట ఎటువంటిదో మనిషి కన్నా సాఫ్ట్‌వేర్‌కే బాగా తెలుసు, ముందే చెబితేనే.

కేటాయింపులన్నీ ఒక రకమూ కావు. టీమ్ లీడర్‌తో అరగంట కూర్చోవడం ఈ వారంలో ఏ రోజైనా, ఏడు నుంచి మూడు మధ్య ఎప్పుడైనా కావచ్చు, దాన్ని సాఫ్ట్‌వేర్ ఇష్టానికి వదిలేయవచ్చు. టీమ్ మీటింగ్‌కు అందరూ ఒకే వేళకు కావాలి. రంజాన్ నెలలో ఉపవాసం ఉండే సహోద్యోగులకు ఇఫ్తార్ వేళ పది నిమిషాలు చాలు, కానీ ఆ పది నిమిషాలు సరిగ్గా సూర్యాస్తమయానికే కావాలి, అరగంట తర్వాత ఇస్తానంటే కుదరదు. ఆ వేళ నెల పొడుగునా కొద్దికొద్దిగా మారుతుంది కూడా. మన నగరంలో ఆషాఢం వచ్చిందంటే గోల్కొండతో మొదలుపెట్టి సికింద్రాబాద్, లాల్ దర్వాజా బోనాల దాకా వరుస ఆదివారాలు ఎవరెవరికి ఏ ఆదివారం ఆఫ్ కావాలో ఆ బస్తీల వాళ్లకు నెల ముందే తెలుసు. క్లయింటు దేశపు సెలవులన్నీ సాఫ్ట్‌వేర్‌లో ముందే ఎక్కి ఉంటాయి, మనవి మనం ఎక్కించుకోవాలి. ఒక్కో కేటాయింపు స్వభావాన్ని బట్టి దీన్ని కదపవచ్చు, దీన్ని కదపకూడదు అని గుర్తు పెట్టే వీలు నేను వాడిన ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంది. ఆ గుర్తు పెట్టకుండా అన్నిటినీ ఒకే నీలంలో వేస్తే ఆ మంగళవారం రాత్రి లాంటిదే మళ్లీ జరుగుతుంది.

చెరిపేసిన శిక్షణ ఏమవుతుంది? చాలాచోట్ల అది మాయం కాదు, ఉద్యోగి సొంత సమయంలోకి వెళ్తుంది. “రేపు అరగంట ముందు వచ్చి ఆ మాడ్యూల్ చూసేయండి” అంటారు. సాయంత్రం ఆరున్నర షిఫ్టుకు ఉప్పల్ అవతల నుంచి వచ్చే అమ్మాయి క్యాబ్ కోసం నాలుగున్నరకే గేటు దగ్గర నిలబడుతుంది. అరగంట ముందు అంటే నాలుగింటికి. లాగిన్‌కు ముందు గడిచిన ఆ అరగంట ఏ రిజిస్టరులోనూ ఉండదు. లేదా వీక్లీ ఆఫ్ రోజు ఇంట్లో లాప్‌టాప్ తెరిచి చూసి, కింద పరీక్ష రాసి పంపమంటారు. పని కోసం నేర్చుకునేది పనే. దానికి విడిగా జీతం అడగడం లేదు, పనివేళల్లో చోటు అడుగుతున్నాం, అంతే.

అలా కూడా నేర్చుకోని చోట నష్టం మరో దారిలో వస్తుంది. కొత్త ప్లాన్ గురించి తెలియని ఉద్యోగి కస్టమర్‌ను హోల్డ్‌లో పెట్టి పక్కవారిని అడుగుతాడు. ఆరు నిమిషాల్లో ముగియవలసిన కాల్ ఏడు నిమిషాలు అవుతుంది. ఒక్క నిమిషమే కదా అనిపిస్తుంది గానీ, ఆరుకు ఒకటి పెరిగిందంటే పని ఆరో వంతు పెరిగినట్టు. 120 సీట్లతో నడిచే చోట మరో ఇరవై సీట్లు కావాలన్నమాట. ఆ ఇరవై సీట్లు లేవు కాబట్టి మరుసటి వారం కాల్స్ ఇంకా ఎక్కువగా నిలిచిపోతాయి, ఆ వారం శిక్షణ గళ్లు కూడా చెరిగిపోతాయి. ఇది ఊహించి రాస్తున్నది కాదు. ఒక ప్రాసెస్‌లో, అంటే ఒక క్లయింటు పని చూసే బృందంలో, వరుసగా తొమ్మిది వారాలు ఇలాగే జరగడం నా తెర మీద చూశాను. తొమ్మిదో వారం చివర ఆ ప్రాసెస్‌లో కొత్తగా చేరినవారిలో పలువురు ఉద్యోగం మానేశారు. వెళ్లేటప్పుడు కారణం అడిగితే ఇద్దరు ఒకే మాట చెప్పారు, “తెలియని దానికి రోజూ తిట్లు తినలేక పోతున్నాం” అని.

మా నాన్నగారు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన బస్సు దిగిన వెంటనే ఇంటికి వచ్చేవారు కాదు. డిపోలో కూర్చుని టికెట్ల నంబర్లు వేబిల్లుతో సరిచూసుకుని, చిల్లర లెక్కపెట్టి, డబ్బు కట్టి, సంతకం పెట్టి అప్పుడు బయలుదేరేవారు. ఒక్కోసారి అర్ధరూపాయి తేడా వస్తే మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టేవారట. చిన్నప్పుడు నేను “బస్సు ఆగిపోయింది కదా, ఇంకా డ్యూటీ ఏమిటి?” అని అడిగితే, “డబ్బు కట్టేదాకా డ్యూటీయేనమ్మా, అది కూడా చార్టులో ఉంటుంది” అనేవారు. ఈ ఉద్యోగంలోకి వచ్చాకే ఆ మాట వెనుక ఉన్న చట్టం చదివాను. 1961లోనే చేసిన మోటారు రవాణా కార్మికుల చట్టం పనిగంటలు అంటే బండి నడిచిన సమయం ఒక్కటే కాదని స్పష్టంగా నిర్వచించింది. లెక్కలు రాయడం, నగదు చెల్లించడం, రిజిస్టర్లలో సంతకాలు, టికెట్లు సరిచూడటం, బండిని తీసుకోవడం, తిరిగి అప్పగించడం అన్నీ అనుబంధ పని అని పేరు పెట్టి పనిగంటల్లో చేర్చింది. టెర్మినల్‌లో పావుగంటకు తక్కువగా ఊరికే వేచి ఉన్న సమయాన్ని కూడా లెక్కలో చేర్చింది. కంప్యూటరు లేని రోజుల్లో కాగితం మీద డ్యూటీ చార్టు వేసినవారు ఆ గంటలకు చోటు పెట్టగలిగారు. పావుగంటకు ఒక గడి గీసి చూపించే సాఫ్ట్‌వేర్ చేతిలో ఉన్న మాకు అది సాధ్యం కాదని చెబితే నమ్మవలసిన పని లేదు.

ఇది కాల్ సెంటర్ల గోడల మధ్య ఉండిపోయే విషయం కూడా కాదు. మా ఆడపడుచు నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. వాళ్ల రోస్టర్‌లో ఉదయం షిఫ్టు రెండింటికి ముగుస్తుంది, మధ్యాహ్నం షిఫ్టు రెండింటికే మొదలవుతుంది. రెంటి మధ్య ఒక్క నిమిషం లేదు. కానీ ఒక్కో మంచం దగ్గరా నిలబడి ఎవరికి ఏ మందు ఎప్పుడు ఇచ్చారు, ఏ సెలైన్ ఎంత వేగంతో పోతోంది, ఎవరికి రాత్రి నుంచి జ్వరం తగ్గలేదు, ఎవరి రిపోర్టు రావాలి అన్నవన్నీ వచ్చినవారికి చెప్పి అప్పగించనిదే ఆమె కదలడానికి వీల్లేదు. దానికి అరగంట పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ అరగంట రోస్టర్‌లో లేదు కాబట్టి జీతంలోనూ లేదు. అన్నిటికన్నా ఆందోళన కలిగించేది ఏమిటంటే, బస్సు తప్పిపోతుందన్న తొందరలో ఎవరైనా ఆ అప్పగింత త్వరగా ముగిస్తే దాని ఫలితం మంచం మీద ఉన్న మనిషి మీద పడుతుంది. పది పడకల వార్డుకు అప్పగింత సమయం ఎంత పడుతుందో ఆ వార్డు సిస్టర్‌ను అడిగి, రెండు షిఫ్టులు అంత మేరకు ఒకదాని మీద ఒకటి వచ్చేలా వేయడం ఏ రోస్టర్ సాఫ్ట్‌వేర్‌లోనైనా అయ్యే పనే.

యాజమాన్యాల వైపు మాట కూడా నేను విన్నాను, చాలాసార్లు వాళ్ల పక్కనే కూర్చుని విన్నాను. ఒప్పందం ప్రకారం కాల్స్ ఎత్తకపోతే జరిమానా పడుతుందని, కస్టమరు ఎదురుచూస్తుండగా ఉద్యోగిని శిక్షణ గదిలో కూర్చోబెట్టడం సరికాదని అంటారు. నిజంగా ఆపద వచ్చిన రోజులు ఉంటాయి. 2020 అక్టోబరులో నగరాన్ని వరద ముంచెత్తినప్పుడు సగం మంది ఇళ్లలోంచి కదలలేకపోయారు. వచ్చినవారితోనూ, ఇంటి నుంచి లాగిన్ కాగలిగినవారితోనూ నెట్టుకొచ్చాం. ఆ రోజుల్లో నీలం గళ్లన్నీ తీసేశాం. ఒక్కరు కూడా అభ్యంతరం చెప్పలేదు, ఈనాటికీ అది తప్పని నేను అనుకోను. ప్రతి మంగళవారం వచ్చేదాన్ని ఆపద అనలేం, అది లెక్కలో ఉన్న లోటు. ఆపద రోజున కూడా జరపడం వేరు, చెరపడం వేరు. తీసిన గంటను అదే నిమిషంలో మరో రోజుకు మార్చి ఉద్యోగికి ఆ కొత్త తేదీ కనిపించేలా చేస్తే అది జరపడం. మా తెర మీద ఆ రెంటికీ వేర్వేరు మీటలు ఉన్నాయి. అలవాటు కొద్దీ మేము ఎప్పుడూ చెరిపే మీటే నొక్కుతున్నాం.

కేటాయింపు దుర్వినియోగం కావడమూ నేను చూశాను, దాచడం న్యాయం కాదు. తమకు నచ్చినవారిని రద్దీ వేళల్లో ఫోన్ల నుంచి తప్పించడానికి ఏదో మీటింగ్ పేరుతో బ్లాక్ వేయించే టీమ్ లీడర్లు ఉన్నారు. ఆ భారం పక్కవారి మీద పడుతుంది, వారికి మొత్తం నీలం గళ్ల మీదే నమ్మకం పోతుంది. అందుకే ప్రతి బ్లాక్‌కూ పని పేరు, పెట్టించినవారి పేరు ఉండాలంటాను. పేరు లేని బ్లాక్‌ను కాపాడమని నేను అడగడం లేదు.

కాబట్టి నగరంలోని యాజమాన్యాలను ముందుగా కోరేది తరుగు లెక్క సరిచేయమని. శిక్షణకు వారానికి రెండు గంటలు ఇస్తామని నియామక పత్రంలోనో, క్లయింటుకు ఇచ్చిన పత్రంలోనో రాసి ఉంటే ఆ రెండు గంటలు మనుషుల సంఖ్య లెక్కించేటప్పుడే అందులో ఉండాలి. చట్టం ఇచ్చిన విరామాలను రియల్ టైమ్ డెస్క్ ముట్టుకోలేని విధంగా తాళం వేయాలి, ఆ తాళం తీసే అధికారం ఫ్లోర్‌కు బయట ఉన్న ఒకరి దగ్గర ఉండాలి. తీసేసిన ప్రతి బ్లాక్‌కూ కారణం రాయనిదే సాఫ్ట్‌వేర్ ముందుకు పోకుండా అమర్చుకోవచ్చు. నేను ఆరు నెలలుగా ఒక నోటుపుస్తకంలో చేత్తో రాసుకుంటున్నాను, తేదీ, వేళ, ఎవరు తీయమన్నారు, ఎన్ని వరుసలు, తిరిగి ఏ రోజు ఇచ్చాం అని. చివరి గడి ఖాళీగా ఉన్న పేజీలే ఎక్కువ. ఆ పుస్తకాన్ని నెలకోసారి మా మేనేజరు ముందు పెట్టడం మొదలుపెట్టాక, ఆయన కొన్నిసార్లు తీయవద్దని చెప్పారు. ఎన్ని వరుసలు పోతున్నాయో ఆయనకు అప్పటిదాకా ఎవరూ చూపించలేదు.

కార్మిక శాఖ అధికారులకు కూడా ఒక విన్నపం. తనిఖీకి వచ్చినప్పుడు హాజరు రిజిస్టరు, జీతాల రిజిస్టరు, సెలవుల రిజిస్టరు అడుగుతారు. రోస్టర్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఏ గడిని ఏ నిమిషంలో మార్చారో నమోదై ఉండే చరిత్రను కూడా అడగండి. ముందు వేసిన రోస్టర్‌నూ, చివరికి జరిగిన రోస్టర్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తే అరగంట విశ్రాంతి ఇచ్చారా లేదా, తల్లుల విరామాలు నిలిచాయా లేదా, వారానికి 48 గంటల హద్దు లాగిన్ గంటలతో లెక్కించారా, లాగిన్‌కు ముందు పిలిపించిన గంటలను కూడా కలిపి లెక్కించారా అన్నది వేరే సాక్ష్యం అక్కర్లేకుండా తెలుస్తుంది. రోజుకు పది గంటలకు అనుమతి ఇచ్చిన ప్రభుత్వం ఆ పది గంటల లోపలి గళ్లను చూసే బాధ్యత కూడా తీసుకోవడం న్యాయం.

నాలాగే రోస్టర్ వేసే సోదర సోదరీమణులకు చివరిగా ఒక పని మాట. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. న్యూయార్క్ ఉదయం తొమ్మిది మనకు వేసవిలో సాయంత్రం ఆరున్నర, ఆ ఆదివారం తర్వాత ఏడున్నర. షిఫ్టులను మనం గంట జరుపుతాం, కాల్స్ అంచనాలను జరుపుతాం, కానీ మన గడియారం ప్రకారం ముందే పెట్టుకున్న బ్లాకులు ఉన్న చోటే ఉండిపోతాయి. అక్కడి ఆఫీసుల భోజన వేళ చూసుకుని రాత్రి తొమ్మిదిన్నరకు వేసిన శిక్షణ ఆ సోమవారం నుంచి వాళ్ల పదకొండు గంటల రద్దీలో పడుతుంది, మొదటి రోజే తీసేయమంటారు. నవంబరు రోస్టర్లు అక్టోబరు మధ్యకల్లా బయటికి వెళ్లిపోతాయి. మీ పట్టికలో నవంబరు రెండో వారం తెరిచి, నీలం గళ్లన్నిటినీ షిఫ్టులతో పాటు గంట జరిపారో లేదో, పాలిచ్చే తల్లుల విరామాలు వాళ్ల కొత్త షిఫ్టు వేళలకు సరిపోయాయో లేదో వాళ్లను పిలిచి అడిగి ఒక్కసారి సరిచూడండి.

ఇట్లు,
రోస్టర్ విభాగంలో పనిచేసే ఒక ఉద్యోగిని,
హైదరాబాద్.